మార్గదానము

తీర్థయాత్రకు బయలుదేరువాడు మొట్టమొదట తెలిసికొనగోరునది ఆ తీర్థముయొక్క మాహాత్మ్యము కాదు. అక్కడికి ఏ బండి పోవును, ఏ రేవున పడవ దొరకును, రాత్రి ఎక్కడ తల దాచుకొనవచ్చును, త్రాగుటకు మంచినీరు ఎక్కడ కలదు, గుడి తలుపులు ఏ వేళకు మూయుదురు అను సంగతులనే. స్థలపురాణము చెప్పిన పౌరాణికునకు మనము చేతులు జోడింతుము. ఈ సంగతులు చెప్పినవానికి మాత్రము ఒక మంచిమాటయైన చెప్పక ముందుకు సాగిపోవుదుము. పౌరాణికుడు చెప్పినది ధర్మమనియు, దారి చెప్పినవాడు చెప్పినది లౌకికమనియు మన మనస్సులలో ఒక విభాగము ఎన్నడో స్థిరపడినది. ఈ విభాగము సరియైనదా యని విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

దీనితో పెనవేసికొనియున్న ప్రశ్న మఱియొకటి కలదు. మన పూర్వులు నెలల తరబడి కాలినడకను సాగి, అడవులు గడచి, ఏఱులు దాటి సంపాదించిన ఫలము, విశాఖపట్టణమున సాయంకాలము రైలెక్కి మఱునాటి యుదయమునకు హౌరాలో దిగినవానికి దక్కునా? దక్కనిచో, దారిని సుగమము చేయువాడును, సుగమమైన దారిని తెలుపువాడును యాత్రికుని పుణ్యమునకు గండి కొట్టుచున్నారని యొప్పుకొనవలెను. దక్కునేని, మన గ్రంథములు మార్గక్లేశమును ఏల కొనియాడినవి, వాహనమును ఏల గర్హించినవి? ఈ రెండవ ప్రశ్నకు సమాధానము దొరకినగాని మొదటిది తేలదు.

ఈ విచారమునకు కలకత్తాకంటె తగిన నెలవు అరుదు. నేడు కోల్‌కతా యని పిలువబడు ఈ నగరగర్భముననే కాళీఘట్టము కలదు. ఉత్తరమున దక్షిణేశ్వరమును, గంగకు ఆవలియొడ్డున బేలూరుమఠమును, దక్షిణమున గంగ సముద్రముతో కలియు గంగాసాగరమును ఉన్నవి. తూర్పున, ఒకప్పటి ఉప్పునీటి సరస్సుల స్థానమున, విధాననగరమను పేర ఒక చిన్న పట్టణము వెలసి, మిగిలిన సరస్సుల నానుకొనియున్నది. తెలుగువారు రెండువందల యేండ్లుగా ఈ త్రోవలలో యాత్రికులై, కూలీలై, ఉద్యోగులై తిరుగుచున్నారు.

ఆ తిరిగినవారిలో మనకు వ్రాతమూలకముగా త్రోవ చూపిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుభాషీగా నుండిన ఆయన 1830 మే 18వ తేదీని పరివారముతో బయలుదేరి, హైదరాబాదు నాగపురముల మీదుగా పోయి, ప్రయాగ కాశీ గయలను సేవించి, కలకత్తా చూచుకొని, జగన్నాథము మీదుగా 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరిరి. దారిపొడవునను ఆయన తన మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసి పంపిన వృత్తాంతమే, ఆయన గతించిన రెండేండ్లకు, 1838లో కాశీయాత్రచరిత్ర యను పేర అచ్చైనది. ఆ గ్రంథమున దేవతాదర్శనములకు ఎంత చోటు కలదో, మజిలీకిని మజిలీకిని నడుమ నున్న దూరమునకును, ఊరిలో అంగళ్లు కలవా లేవా యనుదానికిని, నీటికి బావియో చెఱువో యనుదానికిని, దిగుటకు తగిన తావునకును, ఏఱు దాటు విధమునకును అంత చోటు కలదు. నిష్ఠాపరుడైన ఆ బ్రాహ్మణోత్తముడు అంగటిలోని బియ్యమును గూర్చి వ్రాయుట తన యాత్రకు కొఱతయని తలంపలేదు. తన వెనుక రాబోవు, తాను ఎన్నడును చూడబోని యాత్రికుని ఆకలిదప్పులు ఆయనకు ముందుగానే కనబడినవి. ఇది లౌకికమా, ధర్మమా?

శాస్త్రము చెప్పినదానిని పరికింతము. మహాభారతము వనపర్వమున పులస్త్యమహర్షి భీష్మునకు తీర్థములను వర్ణింపబూని మొదటనే రెండు సంగతులు స్థాపించెను. ఎవని చేతులును కాళ్లును మనస్సును అదుపులో నుండునో, ఎవడు ప్రతిగ్రహమునకు తొలగి, దొరకినదానితో తృప్తుడై, అహంకారమును వీడియుండునో, వానికే తీర్థఫలమని మొదటి సంగతి. యజ్ఞములకు సంభారములు పెక్కు కావలెను, అవి రాజులకును శ్రీమంతులకును గాని సాధ్యములు కావు, నిరుపేదకు సైతము అందునట్టిది తీర్థాభిగమనము, అది యజ్ఞములను సైతము మించినది అని రెండవ సంగతి. మొదటిమాట యాత్రను అంతఃకరణమునకు ముడివేసినది. రెండవమాట దానిని దరిద్రుని హక్కుగా ప్రకటించినది.

దీనికి ఎదురుగా నిలిచినట్లు తోచు వచనములు లేకపోలేదు. మత్స్యపురాణము ప్రయాగమాహాత్మ్యమున, ఎద్దులబండి నెక్కి ప్రయాగకు పోవువాడు ఘోరనరకమున పడుననియు, ఐశ్వర్యమువలన గాని లోభమువలన గాని మోహమువలన గాని వాహనముపై పోయినవానికి ఆ తీర్థము నిష్ఫలమనియు చెప్పినది. ధర్మనిబంధనకారులు ఉదాహరించు మఱియొక వచనము లెక్క కట్టినట్లు చెప్పును: వాహనము ఫలములో సగమును, గొడుగును చెప్పులును అందులో సగమును, త్రోవలో చేసిన వ్యాపారము మూడువంతులను, దానము పట్టుట సర్వమును హరించునట. ఈ మాటలను పైపైన చదివినవాడు, నొవ్వని కాలికి పుణ్యము లేదనుకొనును. లోతుగా చదివినవానికి వేఱొక యర్థము గోచరించును.

ఎద్దులబండిని నిషేధించిన చోటనే పురాణము కారణమును సైతము చెప్పినది. గోవుల కోపము దారుణమట. అనగా పాపము చక్రములలో లేదు, కాడి క్రింద నలిగిన మెడలో నున్నది. వాహనమును నిష్ఫలమన్న చోట ఐశ్వర్యలోభమోహములు పేర్కొనబడినవి. అనగా దోషము కూర్చుండుటలో లేదు, కూర్చుండినవాని గర్వములో నున్నది. ఇక ఆ లెక్కలో, బండి యెక్కినవానికంటె దారిలో వ్యాపారము చేసినవాడు ఎక్కువ కోల్పోవుచున్నాడు. పరులసొమ్ము పట్టినవాడు, ఎంత దూరము నడచి వచ్చినను, సర్వమును కోల్పోవుచున్నాడు. అలసటయే ఫలమునకు కొలమానమైనచో ఈ తారతమ్యము పొసగదు. కావున ఈ వచనములన్నియు కలిసి చెప్పుచున్నది ఒక్కటే: నీ యాత్రాభారమును ఎవని మెడమీదను పెట్టకుము, ఆ భారమును చూపి ఎవనియెదుటను విఱ్ఱవీగకుము, ఆ నెపమున ఎవని సొమ్మును హరింపకుము. కాళ్లు నొచ్చినవానికే తీర్థమన్నచో, కుంటివానికిని, ముసలివానికిని, చంటిబిడ్డ తల్లికిని తీర్థము లేదనవలెను. అప్పుడు అది పేదవాని యజ్ఞము గాక బలిష్ఠుని యజ్ఞమగును. పులస్త్యుని మాటకు ఇంతకంటె విరోధము వేఱొకటి యుండదు.

దారి చెప్పువాని విషయమున ఉపనిషత్తు ఇంకను స్పష్టముగా నున్నది. ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతువునకు తత్త్వముపదేశించుచు ఒక దృష్టాంతము చెప్పెను. గాంధారదేశస్థుడొకనిని కన్నులకు గంతలు కట్టి తెచ్చి నిర్జనప్రదేశమున విడిచిపోయిరి. వాడు నాలుగు దిక్కులకును తిరిగి కేకలు వేయుచుండగా, ఒకడు వచ్చి ఆ గంతలు విప్పి, గాంధారము ఈ దిక్కున నున్నది, ఇటు పొమ్మని చెప్పెను. వాడు ఊరినుండి ఊరికి అడుగుచు, బుద్ధిమంతుడు గాన, స్వదేశమును చేరెను. ఆచార్యుడు లభించినవాని స్థితియు ఇట్టిదే యని ఋషి ముగించెను. బ్రహ్మవిద్య నుపదేశించు గురువునకు పోలిక వెదకవలసివచ్చినప్పుడు, ఉపనిషదృషికి దొరకినవాడు బాటసారికి త్రోవ చెప్పిన ఒక పేరులేని మనుష్యుడు. ఆ మనుష్యుడు బాటసారిని భుజముపై నెత్తుకొని గాంధారమునకు చేర్పలేదు. నడక వానిదే, ఊరూర అడుగవలసిన వివేకమును వానిదే. దారి చెప్పినవాడు తొలగించినది దిక్కుతెలియని తడబాటును మాత్రమే. దారి సుగమమైనచో యాత్రికుని తపస్సు తగ్గునను భయమునకు ఇంతకంటె చక్కని ప్రత్యుత్తరము లేదు.

ఈ సూత్రమును చేతబట్టుకొని కలకత్తా వీథులను చూడవలెను. వీరాస్వామయ్యగారి కాలమున గౌరవము గలవారి వాహనము పల్లకీ. ఆయన కలకత్తా చేరుటకు కొలది యేండ్లు ముందు, 1827లో, ఆ నగరపు పల్లకీబోయీలు, అందు పెక్కుమంది ఓఢ్రదేశీయులు, కూలిరేట్లను గూర్చియు బిళ్లలను గూర్చియు సర్కారు చేసిన నిబంధనలకు ఎదురుతిరిగి పని మానివేసిరి. మోయువాని భుజమునకు నోరు వచ్చిన తొలిసందర్భములలో అది యొకటి. తరువాత 1873 ఫిబ్రవరి 24న సియాల్దానుండి ఆర్మీనియను ఘాట్టువఱకు గుఱ్ఱములు లాగు ట్రాము నడచినది. కొన్ని నెలలకే నిలిచిపోయి 1880లో మఱల సాగినది. 1902 మార్చి 27న విద్యుత్తు ట్రాము వచ్చుటతో గుఱ్ఱముల మెడకు విముక్తి కలిగినది. 1984 అక్టోబరు 24న దేశములోనే మొదటి భూగర్భరైలు ఎస్ప్లనేడునుండి భవానీపురమువఱకు నడచినది. 2024 మార్చిలో ఆ రైలు హుగ్లీనది యడుగున సొరంగముగుండ హౌరాకు పోయినది. భుజమునుండి మెడకు, మెడనుండి యంత్రమునకు బరువు మాఱుచు వచ్చిన ఈ చరిత్రను నేను ధర్మచరిత్రముగానే చదువుదును. ఒకే వెలకు కూలివానిని కోటీశ్వరుని ఒకే బల్లమీద కూర్చుండబెట్టి, ఎవని వీపును వంచకుండ తీసికొనిపోవు బండి, మత్స్యపురాణము గర్హించిన వాహనజాతికి చెందదు. అది పేదవాని యజ్ఞమునకు అమరిన సంభారము.

ఐనను ఈ నగరమున మనిషి లాగు రిక్షా ఇంకను పూర్తిగా అంతరింపలేదు. 2006లో దానిని నిషేధింప శాసనసభ చట్టము చేసినను, పాతబస్తీ సందులలో నేటికిని ఆ రిక్షాగంట వినబడుచునే యున్నది. ధర్మసంకటము ఇక్కడ నిజముగా నున్నది: ఎక్కినచో ఒక మనుష్యుని ఒడలిని మన బరువునకు వంచుచున్నాము, ఎక్కనిచో వాని రాత్రిభోజనమును తీసివేయుచున్నాము. ఒక యాత్రికుడు ఒక మధ్యాహ్నమున దీనిని తీర్పలేడు. తీర్పవలసినది ఆ మనుష్యునకు వేఱొక బ్రతుకుతెరువు చూపవలసిన సమాజము. యాత్రికునకు మిగిలిన విధి స్వల్పమైనను నిశ్చితమైనది: ఎక్కక తప్పని ముసలివారు, రోగులు ఎక్కినప్పుడు వెల తగ్గింపుమని బేరమాడరాదు, ఎక్కినవారు తమ సామాను తగ్గించుకొనవలెను, నడువగలవారు నడువవలెను.

మనుష్యుని భుజమునుండి దిగిన బరువు మాయమైనదని మాత్రము తలంపరాదు. కొంత నీటిమీద పడినది. గంగావతరణకథను మనము మఱొకమాఱు తలచుకొనవలెను. భగీరథుడు రథమెక్కి ముందు సాగగా గంగ వెనుక వచ్చినది. అనగా సకలతీర్థములకు తల్లియైన ఆ నదికే ఒక మానవుడు త్రోవ చూపవలసివచ్చినది. మార్గదానము చేసినవారిలో ఆదిపురుషుడు భగీరథుడే. ఆయన చూపిన త్రోవలో గంగ సముద్రమునకు పోయినదని వంగీయులు నమ్ము ప్రాచీనప్రవాహమే కాళీఘట్టమును ఒరసికొని పాఱు ఆదిగంగ. పూడిపోయిన ఆ కాలువను పదునెనిమిదవ శతాబ్దమున టాలీయను దొర త్రవ్వించెను. నేడు అది నగరపు మురుగుతో నల్లబడి, టాలీగంజుకు దక్షిణమున భూమిపైకి వచ్చిన మెట్రోస్తంభములను తన గర్భముననే మోయుచున్నది. మనము సుఖముగా పోవు త్రోవ, భగీరథుడు గంగకు చూపిన త్రోవమీద నిలువబడినది. ఎద్దుమెడకు వర్తించిన నిషేధము నదికి వర్తింపదా? గంగలో శౌచము చేయరాదు, వాడిన పూలు పారవేయరాదు, ఒడలి మలినము తోమరాదు అని పురాణవచనములు శాసించుచుండగా, నది కూడ మోయజాలని బరువు కలదని మన పెద్దలెఱుగుదురనుట స్పష్టము.

సరస్సుల కథయు ఇట్టిదే. కలకత్తాకు తూర్పున వ్యాపించిన ఉప్పుసరస్సులలో ఒక భాగమును, హుగ్లీనదినుండి గొట్టములద్వారా తెచ్చిన ఒండ్రుతో పూడ్చి పట్టణము కట్టు పని 1962 ఏప్రిలులో ఆరంభమైనది. యుగోస్లావియా సంస్థ పూడ్చినది. ఆ దేశపువాడే యైన తొష్కోవిచ్ అను వాస్తుశిల్పి పట్టణమునకు రూపము దిద్దెను. దేశవిభజనానంతరము నిలువనీడలేక క్రిక్కిఱిసిన నగరమునకు ఊపిరి పోయదలచిన ముఖ్యమంత్రి విధానచంద్రరాయలు అదే సంవత్సరము జులై 1న గతింపగా, ఆయన పేరు పట్టణమునకు నిలిచినది. పూడ్చక మిగిలిన చెఱువులలోనికి నగరపు మురుగునీరు నేటికిని పోవుచున్నది. ఎండయును, నాచును, జాలరుల తరతరాల నేర్పును కలిసి ఆ మురుగును చేపలుగాను కూరగాయలుగాను మార్చి నగరమునకే తిరిగి యిచ్చుచున్నవి. ధ్రువజ్యోతి ఘోషను ఇంజనీరు ఈ విషయమును లోకమునకు వెల్లడించుటకై జీవితము ధారవోసెను. 2002లో 12,500 హెక్టారుల ఈ నీటినేల రాంసారు ఒడంబడిక క్రింద అంతర్జాతీయప్రాముఖ్యము గలదిగా గుర్తింపబడినది. మన మాలిన్యమును గ్రహించి అన్నముగా తిరిగి యిచ్చునది తీర్థము గాక మఱేమి? ఈ పట్టణమునకు వచ్చువానికి బండి యెక్కడ దొరకునో చెప్పినవాడు, ఈ నీటిని పాడుచేయరాదని కూడ చెప్పినప్పుడే ఆ దారి చెప్పుట సమగ్రమగును. దక్షిణకలకత్తాలోని రవీంద్రసరోవరమున ఛట్‌పూజ చేయరాదని హరితన్యాయస్థానము ఉత్తరువు చేసినప్పుడు, భక్తులలో కొందఱు తలుపులు త్రోసికొని లోపలికి పోయిరి. సూర్యునకు అర్ఘ్యమిచ్చు భక్తి పూజ్యమే. కాని అర్ఘ్యమునకు ఆధారమైన నీటిని నొప్పించు భక్తికి శాస్త్రసమ్మతి లేదు.

ఇక త్రోవ సంగతి. హౌరాలో రైలు దిగిన తెలుగువాడు స్టేషనునుండియే భూగర్భరైలెక్కి, 2025 ఆగస్టు మొదలు, సియాల్దా మీదుగా విధాననగరపు ఐదవ సెక్టారువఱకు బండి మాఱకుండ పోవచ్చును. కాళీఘట్టమునకో దక్షిణేశ్వరమునకో పోవువాడు ఎస్ప్లనేడులో దిగి ఉత్తరదక్షిణముల పోవు బండి యెక్కవలెను. దక్షిణేశ్వరమునకు ఆ రైలు 2021 ఫిబ్రవరినుండి పోవుచున్నది, అక్కడినుండి బేలూరునకు పడవ కలదు. గుళ్లును మఠమును మధ్యాహ్నము కొంతసేపు మూయుదురు గాన ఉదయము పోవుట మంచిది. విధాననగరమున వీథిపేరు అడిగిన ప్రయోజనము లేదు. సెక్టారు, బ్లాకునకు గుఱుతైన రెండు ఇంగ్లీషు అక్షరములు, ఇంటినంబరు అను మూడును వ్రాసికొని పోవలెను. అక్కడివారు ఎత్తైన నీటిట్యాంకుల నంబరులను పట్టియు, కూడలిలోని గుండ్రని దిబ్బలను పట్టియు దారి చెప్పుదురు. ఆటోలు నియతమైన త్రోవలలో తలకింతయని పుచ్చుకొని నడచును. చిల్లర దగ్గఱ నుంచుకొనవలెను. గంగాసాగరమునకు పోవువారు కాకద్వీపము దగ్గఱ లాట్ నంబరు ఎనిమిది యను రేవున మూరిగంగను దాటి కచుబేడియాలో దిగి, మఱల బస్సెక్కవలెను. ఆ యేటిలో ఇసుకమేట లుండుటచే పోటుతగ్గిన వేళ పడవలు నిలిచిపోవును గాన, పంచాంగములో తిథి చూచుకొన్నట్లే ఆటుపోటుల వేళను సైతము విచారించుకొనవలెను.

ఈ మాటలను ఒక మతవిచారమున చేర్చుట కొందఱకు అనుచితముగా తోచవచ్చును. ముఖ్యముగా విధాననగరమువంటి చోట జ్యోతిర్లింగము లేదు, శక్తిపీఠము లేదు, అక్కడికి పోవువారు ఉద్యోగమునకును, వైద్యమునకును, ఏటేట జరుగు పుస్తకప్రదర్శనమునకును పోవుదురు. గమ్యము పవిత్రము కానప్పుడు దారి చెప్పుటలో పుణ్యమేమి యని అడుగువారికి నేను మనుధర్మమునే చూపుదును. గృహస్థునకు నిత్యవిధులైన పంచమహాయజ్ఞములలో అతిథిపూజనము మనుష్యయజ్ఞమనబడినది. తైత్తిరీయపు శిక్షావల్లి అతిథిని దైవముగా భావింపుమన్నది. అతిథి ఏ పనిమీద పోవుచున్నాడో విచారించి, ఆ పని పుణ్యకార్యమైననే ఆదరింపుమని రెండును అనలేదు. ఒకప్పుడు శ్రీకాకుళము, గంజాము ప్రాంతములనుండి టీటాగఢ్ జనపనారమిల్లులకు కూలికై వచ్చిన మన తెలుగువారికి, భాష తెలియని ఆ రేవులలో మొదటిదినమున మిల్లుదారి చెప్పిన సాటి తెలుగువాడు చేసినది యజ్ఞమే. ఖరగ్‌పూరు రైలుకార్ఖానాలో మనవారు అంతమంది స్థిరపడి, 2020లో పశ్చిమవంగప్రభుత్వము తెలుగును అధికారభాషలలో చేర్చుట కంగీకరించునంతటి సమాజముగా నిలద్రొక్కుకొన్నారన్నచో, ముందు వచ్చినవాడు వెనుక వచ్చినవానికి చేసిన ఇట్టి చిన్నచిన్న యజ్ఞములమీదనే ఆ నిలుకడ లేచినది.

ఐతే దానమునకు శుద్ధి కావలెను. మార్గదానమునకు శుద్ధి సత్యము. వంగదేశము మిథిలలో పుట్టిన నవ్యన్యాయమునకు మెట్టినిల్లు. ఆ న్యాయశాస్త్రమును బాలురకు సైతము అందించిన తర్కసంగ్రహకర్త అన్నంభట్టు మనవాడు. ఉన్నదున్నట్లు చెప్పువాడే ఆప్తుడని ఆయన నిర్వచనము. అంతకుముందే న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు, వస్తువును తాను సాక్షాత్కరించుకొని, చూచినది చూచినట్లు తెలుపగోరువాడు ఆప్తుడనియు, ఈ లక్షణము ఋషికిని ఆర్యునకును మ్లేచ్ఛునకును సమానమనియు చెప్పెను. వేదమును ప్రమాణముగా నిలుపుటకు శాస్త్రకారుడు చెప్పిన ఈ లక్షణము, రేవున నిలిచి పడవ వేళ చెప్పు జాలరికి అక్షరాల వర్తించును. చూడకయే ఊహించి చెప్పినవాడును, సగము చెప్పి సగము దాచినవాడును, తనకు రాబడి వచ్చు వైపునకు యాత్రికుని త్రిప్పినవాడును ఆప్తుడు కాడు. తీర్థస్థలములన్నిటను గుడిద్వారముకడ పొంచియుండు మూడవ తెగవారు, దేవతకును భక్తునకును నడుమ అసత్యమును నిలుపుచున్నారు గాన, వారి దోషము సాధారణవంచనకంటె గురుతరము.

దారిసత్యమునకు మఱియొక విశేషము కలదు. ఆత్మను గూర్చిన సత్యము కాలముతో మాఱదు. దారిని గూర్చినది మాఱును. నిన్న ట్రాము నడచిన వీథిలో నేడు పట్టాలు లేవు. ఒకప్పుడు హౌరాకు వచ్చిన రైళ్లలో కొన్ని నేడు షాలిమారునకు వచ్చుచున్నవి. టిక్కెట్టుమీద హౌరా, షాలిమారు, సంత్రాగాచ్ఛి, సియాల్దా, కలకత్తా అను స్టేషనులలో ఏది వ్రాసియున్నదో చూడక పాతమాట నమ్మి పోయినవాడు బండి తప్పిపోవును. సద్బుద్ధితో చెప్పినదైనను తేదీ లేని దారిమాట ఒకనాటికి అసత్యమగును. కావున చెప్పువాడు, నేను ఫలానా సంవత్సరమున చూచితినని చేర్చుట వ్రతముగా పెట్టుకొనవలెను. వీరాస్వామయ్యగారు తేదీ వేసి వ్రాయుటచేతనే ఆయన చెప్పిన త్రోవలు మాఱిపోయినను ఆయన మాట నేటికిని సత్యముగా నిలిచియున్నది.

దారి చెప్పుటయే కాక దారిని కల్పించినవారును ఈ నగరమున కలరు. గంగాసాగరయాత్రికులు నేడు గుమికూడు బాబుఘాట్టు వీరాస్వామయ్యగారు బయలుదేరిన 1830లోనే జానుబజారు జమీందారు బాబూ రాజచంద్రదాసు ద్రవ్యముతో కట్టబడినది. ఆయన భార్య రాణీ రాసమణి, శాస్త్రాధికారము లేదని ఆనాటి సమాజము చెప్పిన కులమున పుట్టిన వితంతువు, కాశీకి పోవుటకై పడవలు సిద్ధము చేయించుకొనగా, గంగయొడ్డుననే తనకు గుడి కట్టుమని అమ్మవారు స్వప్నమున ఆనతిచ్చెనని చెప్పుదురు. ఆ గుడి దక్షిణేశ్వరము. 1855 మే 31న ప్రతిష్ఠ జరిగినది. ఆమె ఎన్నడును పోజాలని యాత్రయొక్క ద్రవ్యము లక్షలమందికి యాత్రాస్థానమైనది. అంతకుముందు పోస్తా రాజా సుఖమయరాయలు జగన్నాథమునకు పోవు బాటకై లక్షన్నర రూపాయలు దానమిచ్చెను. వీరందఱు తాము నడచిన దూరముచేత కాక ఇతరులను నడిపించిన దూరముచేత యాత్రికులైరి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. దారిని తెలుపుట ధర్మమే. అన్నదానమువలె, జలదానమువలె అదియును దానమే. ఉపనిషత్తు దానిని ఆచార్యకృత్యముతో పోల్చినది, న్యాయశాస్త్రము దానిని ప్రమాణస్థానమున నిలిపినది. దారి సుగమమైనందున తీర్థఫలము తగ్గదు. మన సుఖమునకై మఱియొక దేహము, అది మనుష్యునిదైనను ఎద్దుదైనను నదిదైనను సరస్సుదైనను, నలిగినప్పుడే తగ్గును. ఈ దానమునకు ప్రత్యుపకారము చేయ వీలులేదు. మనకు త్రోవ చెప్పినవాడు మఱల మనకు కనబడడు, వీరాస్వామయ్యగారికి మనము ఇచ్చుకొనగలిగినది ఏమియు లేదు. ఋషుల ఋణము ఋషులకు తీర్ప శక్యముగాక, చదివినది శిష్యునకు చెప్పుటచేత తీరునని పెద్దలు విధించిరి. బాటసారుల ఋణమునకు సైతము వేఱు విధి లేదు. కావున యాత్రనుండి మరలివచ్చిన ప్రతివాడును, ప్రసాదము పంచిపెట్టినంత శ్రద్ధతో, తాను దిగిన స్టేషను, ఎక్కిన బండి, దాటిన రేవు, ఇచ్చిన కూలి, నీటికి తానుంచిన మర్యాద, ఇవన్నియు చూచినది చూచినట్లు తేదీ వేసి వ్రాసి, తరువాత పోవువాని చేతిలో పెట్టవలెను. అంతవఱకు ఆ యాత్ర సమాప్తమైనట్లు లెక్కింపరాదు.